ఉక్కు – కవచము – అతుకు

మన సంఘము వారు ప్రచురించు ఈ సంచికకు నన్నును ఏదైన వ్రాయుమని కోరినప్పుడు కొంత సంకోచించితిని. కవులను గూర్చియు, దేవాలయములను గూర్చియు వ్రాయుటకు తగినవారు మనలో పలువురు కలరు. నేను మెట్రిక్యులేషను మాత్రము చదివి, ముప్పదియైదేండ్లు కర్మాగారములలో సామాను లెక్కలు వ్రాసిన గుమాస్తాను. నాకు తెలిసినది ఇనుము, ఉక్కు. కనుక దానినే వ్రాయుచున్నాను.

ముందుగా మాటతో ఆరంభించెదను. మనము ఇరుగుపొరుగు భాషల నడుమ కాపురముండువారము గనుక ఈ సంగతి మనకు త్వరగా తట్టును. మనము ఉక్కు అందుము. కర్ణాటకములోని వారును ఉక్కు అనియే అందురు. తమిళులు ఎఃకు అందురు. మహారాష్ట్రులు పారసీకుల మాటను పుచ్చుకొని పోలాద్ అందురు. ఒడిశాలోని వారు ఇస్పాత్ అందురు. ఆంగ్లేయులు మాత్రము మన దేశపు ఉక్కునకు వూట్జ్ అని ఒక వింతపేరు పెట్టిరి. ఈ పేరు ఏ భాషలోను లేదు. ఉక్కు అను మాటయే వ్రాతలో చెడి వూట్జ్ అయినదని పెక్కుమంది పండితుల అభిప్రాయము. బొంబాయి నుండి హెలెనస్ స్కాట్ అను వైద్యుడు 1794 ప్రాంతమున లండనులోని రాయల్ సొసైటీకి ఈ ఉక్కు ముద్దలను పంపెను. 1795లో జార్జి పియర్సన్ అను ఆయన వానిని పరీక్షించి ఆ సొసైటీ యెదుట వ్యాసము చదివెను. అప్పటినుండి ఆ తప్పుపేరే పుస్తకములకెక్కినది. గుమాస్తా వ్రాతలో ఒక అక్షరము తప్పిన ఎంతకాలము నిలుచునో నాకు బాగుగా తెలియును.

ఆ ముద్దలు తయారైన చోట్లలో మిక్కిలి పేరు పొందినది నేటి తెలంగాణములో నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము. ఆ గ్రామము ఉన్న మండలము పేరు కమ్మరపల్లి. ఊరి పేరులోనే వృత్తి ఉన్నది. సర్వే ఉద్యోగములో వైద్యుడుగాను, భూగర్భ శాస్త్రజ్ఞుడుగాను ఉండిన హెన్రీ వాయిసే అను ఆంగ్లేయుడు అచ్చటికి పోయి, కొలిమి పనిని కన్నులార చూచి వ్రాసికొనెను. ఆయన 1824లో చనిపోయెను. ఆయన వ్రాత 1832లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడెను. మిర్ట్‌పల్లి ఇనుమును, కొండాపురము ఇనుమును కలిపి, మట్టి మూసలో పెట్టి, మూతి మూసి, రాత్రింబవళ్లు తిత్తులు ఊది కరగించుచుండిరట. తరువాత ఆ ముద్దను పలుమార్లు కాచి, నెమ్మదిగా చల్లార్చి, దాని పెళుసుతనము తగ్గించుచుండిరట. ఆ సరకు కొనుటకై ఇస్పహాన్ నుండి వచ్చిన పారసీక వర్తకుడొకడు ఆ ఊరనే కాపురముండి, కొలిమి దగ్గర నిలిచి పని చూచుకొనుచుండెనని కూడ వాయిసే వ్రాసినాడు. ఎచ్చటి ఇస్పహాను, ఎచ్చటి కోనసముద్రము! అంతకు ఒకటిన్నర శతాబ్దము ముందే, 1660ల చివర గోలకొండ రాజ్యములో పయనించిన థెవెనో అను ఫ్రెంచి యాత్రికుడు ఇందల్వాయిలో కత్తులు, బాకులు, ఈటెలు విరివిగా చేయుచుండిరనియు, అవి దేశమంతట అమ్ముడుపోవుచుండెననియు చెప్పెను. పదునేడవ శతాబ్దిలో కోరమండల తీరపు రేవుల నుండి ఈ ముద్దలు వేలకొలది పారసీక దేశమునకు ఓడలకెక్కినవి. డమాస్కసు కత్తులని లోకము కొనియాడిన ఆయుధములలో నీటి అలలవలె కనబడు చారలు ఈ ఉక్కు గుణమే.

ఆ గుణమునకు కారణము బొగ్గు సారము. అనగా కార్బను. మామూలు ఇనుప కడ్డీలో కార్బను నూటికి పాతికవంతు, అనగా 0.25 కూడ ఉండదు. మన ముద్దలో నూటికి 1.5 ప్రాంతమున ఉండెడిది. అందుచేత పదును అసమానము. 1819 మొదలు 1822 వరకు మైకేల్ ఫారడే అంతటి మహాశాస్త్రజ్ఞుడు స్టోడార్ట్ అను కత్తుల పనివానితో కలిసి దీని రహస్యము కొరకు ప్రయత్నించెను; ఆయనకును పూర్తిగా చిక్కలేదు. 1990లలో అమెరికాలో వెర్‌హోవెన్ అను ఆచార్యుడును, పెండ్రే అను కమ్మరియు కలిసి, అత్యల్పముగ ఉండు వెనేడియము వంటి ధాతువుల వలన ఆ చారలు ఏర్పడునని పరిశోధించి చూపిరి. ఆచార్యుడొక్కడే చేయలేక కమ్మరిని కూడ చేర్చుకొనవలసివచ్చినదన్న సంగతి నాకు మిక్కిలి ప్రియమైనది.

అయితే ఈ గొప్ప ఉక్కునకు ఒక లోపము కలదు. అది అతుకు పట్టదు. ఐరోపాలోని కమ్మరులు తమ అలవాటు ప్రకారము దానిని తెల్లగా కాచి దాగలి మీద పెట్టి సుత్తితో కొట్టగా అది ముక్కలై చెదరినది. ఎఱ్ఱని కాకలో మాత్రమే అది సాగును. కత్తికి అతుకుతో పనిలేదు గనుక ఇది అప్పుడు పెద్ద లోపము కాలేదు. కవచమునకు మాత్రము అతుకే ప్రాణము. ఎంత పెద్ద పలకయైనను ఒక్క పలకతో మనిషిని గాని, బండిని గాని, ఓడను గాని చుట్టబెట్టుట సాధ్యము కాదు. ఎక్కడనో ఒకచోట రెండు పలకలు కలియవలెను. కవచము చరిత్రను వ్రాసినవారు పలక మందమును గూర్చియే వ్రాయుదురు. నాకు ఆ కలయు చోటి చరిత్రయే ముఖ్యముగ తోచుచున్నది. దెబ్బ తినునది అచ్చటనే.

కవచమునకు కావలసిన గుణములు రెండు. ఆ రెండింటికిని తమలో తమకు పడదు. మొదటిది కాఠిన్యము. తగిలిన గుండు మొన విరుగవలెను. రెండవది సాగుదల. దెబ్బకు పలక పగులరాదు. కాలిన కుండ గట్టిదే, కాని రాయి తగిలిన పగులును. తోలు పగులదు, కాని కత్తి దూరును. కుండవంటి ముఖము, తోలువంటి వీపు ఉన్న పలక కావలెను. మన పల్లెలలో కమ్మరి గొడ్డలిని మెత్తని ఇనుముతో చేసి, వాయి మాత్రము ఉక్కు ముక్క పెట్టి కాచి అతికెడివాడు. పైవారు కవచము విషయములో ఆ ఆలోచనకు వచ్చుటకు పెక్కు సంవత్సరములు పట్టినది.

1859లో ఫ్రెంచివారు గ్లోరీ అను ఇనుప కవచపు ఓడను నీటిలోనికి దింపిరి. మరుసటి యేడు ఆంగ్లేయులు వారియర్ అను ఓడను దింపిరి. దాని కవచము నాలుగున్నర అంగుళముల పోత లేని సాగు ఇనుము, దాని వెనుక పదునెనిమిది అంగుళముల టేకు దిమ్మెలు. ఫిరంగులు పెరిగినకొలది ఇనుము మందము పెరిగినది. 1876లో ఇటలీలోని స్పెజియా రేవులో నూరు టన్నుల ఫిరంగితో పందెము పెట్టిరి. సాగు ఇనుప పలకలను గుండు దూసికొని పోయెను. ఫ్రాన్సులోని ష్నైడరు వారి ఉక్కు పలక గుండును ఆపినది గాని తానును చీలిపోయినది. గెలుపు ఉక్కుదే, అయినను పగిలిన గెలుపు. తరువాత ఇంగ్లండులో ఇనుము వీపునకు ఉక్కు ముఖమును పోసి అతికిన పలకలు వచ్చినవి. వానిలో ఆ రెండు పొరలు దెబ్బకు ఊడిపోవుచుండెను. అతుకు సమస్యయే మరల.

1890 ప్రాంతమున అమెరికాలో హార్వే అనునతడు పొరలు అతికించుట మాని, ఒకే నికెలు ఉక్కు పలకను తీసికొని, దాని ముఖమునకు మాత్రము బొగ్గును అదిమి, వారములకొలది కాచి, కార్బను లోనికి ఇంకునట్లు చేసి, నీళ్లు చల్లి గట్టిపరచెను. 1893–94లలో జర్మనీలోని క్రుప్పు వారు నికెలుతోపాటు క్రోమియము కూడ కలిపి దీనిని ఇంకను బాగుచేసిరి. సుమారు నూటికి నాలుగువంతుల నికెలు, రెండువంతుల క్రోమియము, మూడింట ఒక వంతు కార్బను. రెండు ప్రపంచ యుద్ధముల పెద్ద ఓడలన్నియు ఈ జాతి పలకలతోనే కట్టబడినవి. ఆ పలకలను కూడ బోల్టులతో బిగించిరే గాని అతుకలేదు.

మొదటి యుద్ధములో 1916 సెప్టెంబరు 15వ తేదీన ఫ్రాన్సు రణరంగమున టాంకులు మొదటిసారి కదలినవి. ఆరు మొదలు పండ్రెండు మిల్లీమీటర్ల పలకలు. మేకులు, బోల్టులు కొట్టి చేసిన పెట్టెలు. బయట తుపాకి గుండు తగిలినప్పుడు మేకు తల లోపలికి ఎగిరి కూర్చున్నవానికి తగులుచుండెను. సందులనుండి సీసపు తుంపరలు ముఖముల మీద పడుచుండెను. శత్రువు గుండు ఆగినను స్వంత మేకు చంపుచుండెనన్నమాట. ఆ బాధకు సైనికులకు తోలుముసుగు ఇచ్చి దాని క్రింద ఇనుప గొలుసుల జాలి తగిలించిరి. పూర్వము మన రాజుల సైనికులు తొడిగిన జిరాయే, యంత్రము కడుపులోనికి మరల వచ్చినది. రెండవ యుద్ధములో సైతము మేకుల పెట్టెలు మిగిలియేయుండెను. 1944లో కోహిమా, ఇంఫాలు యుద్ధములలో పాల్గొన్న లీ జాతి అమెరికను టాంకులు మేకులు కొట్టినవే.

మేకునకు బదులు అతుకు రావలెనని అందరికిని తెలియును. అతుకు విద్యయు అప్పటికి క్రొత్త కాదు. 1880లలో రష్యాలో బెనార్డోస్, స్లవ్యానోవ్ అనువారు విద్యుత్తు జ్వాలతో ఇనుము కరగించి అతుకుట చూపిరి. 1907 ప్రాంతమున స్వీడనులో కెల్‌బెర్గ్ అను ఇంజనీరు అతుకు కడ్డీకి మందు పూత పూసెను. 1920లో ఇంగ్లండులో ఫుల్లగర్ అను చిన్న ఓడ మేకు ఒకటియు లేక పూర్తిగా వెల్డింగుతో తయారైనది. మెత్తని ఇనుమునకు ఇవి చాలును. కవచపు ఉక్కు మాత్రము అతుకును సహింపలేదు. ఎందుచేతనో కొంచెము విపులముగ చెప్పవలసియున్నది. నా జీవితములో ఒక సంగతియు దీనితో ముడిపడియున్నది.

విద్యుత్తు జ్వాల తగిలినచోట ఉక్కు కరగును. దాని ప్రక్కనున్న సన్నని పట్టీ కరగదు గాని ఎఱ్ఱగా కాగును. చుట్టునున్న చల్లని మందపు పలక ఆ వేడిని ఒక్కసారిగ లాగుకొనును. కొలిమిలో కాచిన కత్తిని నీటిలో ముంచినట్లే. కార్బనును ఇతర ధాతువులును హెచ్చుగానున్న ఉక్కు అట్లు చల్లబడినచో గాజువలె గట్టిపడి పెళుసగును. దీనిని లెక్కగట్టుటకు 1940లో డియర్డెన్, ఓనీల్ అనువారు ఒక సూత్రమును చూపిరి. తరువాత అది సవరింపబడి అంతర్జాతీయముగ వాడుకలోనికి వచ్చినది. కార్బను అంకెకు మాంగనీసులో ఆరవవంతు, క్రోమియము మాలిబ్డినము వెనేడియములు కలిపి అయిదవవంతు, నికెలు రాగి కలిపి పదునైదవవంతు చేర్చవలెను. కూడిక 0.40 లోపల ఉన్నచో అతుకు సులభము. మామూలు ఉక్కులో కార్బను 0.18, మాంగనీసు 0.80 అనుకొనిన లెక్క 0.31 వచ్చును. ఒక కవచపు ఉక్కులో కార్బను 0.30, మాంగనీసు 1.0, క్రోమియము 1.0, మాలిబ్డినము 0.5, నికెలు 1.5 అనుకొందము. కూడిన 0.87 వచ్చును. కోనసముద్రపు ముద్దకు కార్బను ఒక్కటే 1.5. ఇక దాని సంగతి చెప్పనక్కరలేదు.

పెళుసుదనము ఒక్కటే అయినచో కొంత మేలు. దానికి తోడు తడి శత్రువు. కడ్డీ పూతలో చెమ్మ ఉన్నచో జ్వాలలో ఆ నీరు విడిపోయి హైడ్రోజను పుట్టును. అది కరగిన లోహములో కలియును. చల్లబడిన తరువాత మెల్లమెల్లగా ప్రక్కనున్న గట్టి పట్టీలోనికి ప్రాకును. అతుకు కుంచించుకొనునప్పుడు పలక బిగుతుగా లాగబడియుండును. ఈ మూడును, అనగా గట్టిదనము, బిగుతు, హైడ్రోజను ఒకచోట చేరినచో బీట పుట్టును. ఆ బీట వెంటనే కనబడదు. కొన్ని గంటలకో, రెండు దినములకో కనబడును. అతికినవాడు ఇంటికి పోయి నిద్రించుచుండగా ఇక్కడ పలక పగులును.

1987 వర్షకాలము. నేను పనిచేయుచుండిన కర్మాగారము పేరు ఇక్కడ అవసరము లేదు. నాకు కడ్డీల సామానుగది అప్పగించియుండిరి. తడి లేని పూత కడ్డీలను ఒక విద్యుత్తు పొయ్యిలో సుమారు 350 డిగ్రీల వేడిమిలో ఆరబెట్టి, వేడివేడిగా మూతపెట్టెలలో వెల్డర్లకు ఇయ్యవలెను. గంటగంటకు పొయ్యి వేడిమి చూచి రిజిష్టరులో వ్రాయవలెను. నాకు ముందున్న గుమాస్తా నాకు నేర్పిన పద్ధతి వేఱు. షిఫ్టు ఆరంభములోనే ఎనిమిది గంటల గళ్లలోను 350 అని ఒకేసారి వ్రాసి సంతకము చేయుట. నేనును అట్లే చేయుచుంటిని. ఒకనాటి రాత్రి గాలివానలో సామానుగది వైపు కరెంటు పోయినది. పొయ్యి ఎంతసేపు చల్లారియుండెనో నేను చూడలేదు. మన ప్రాంతమునుండి వచ్చి అక్కడ స్థిరపడిన పెద్దమనిషి ఒకరు వెల్డరుగా ఉండిరి. నేను ఆయనను బావగారూ అని పిలుచుచుంటిని. ఆయన కడ్డీలు చేతబట్టి, "గుమాస్తాగారూ, రాడ్లు చల్లగా ఉన్నాయండి, పొయ్యి నడిచిందా?" అని అడిగిరి. నేను, "రిజిష్టరులో ఉంది కదా బావగారూ" అంటిని.

ఆయన అతికిన మందపు పలకకు ఉదయము పరీక్ష జరిగి బాగున్నదనిరి. మూడవనాడు అతుకు ప్రక్కన జానెడు బీట కనబడినది. విచారణ జరిగినది. రిజిష్టరు తెప్పించిరి. ఎనిమిది గళ్లలోను 350 ఉన్నది, క్రింద నా సంతకము ఉన్నది. కడ్డీలు సరిగానే ఉండెను గనుక తప్పు చేతిపనిదే యని తేల్చిరి. ఆయనకు ఒక సంవత్సరము ఇంక్రిమెంటు ఆపిరి. నేను నోరు మెదపలేదు. నాకు అప్పటికి ఇద్దరు పిల్లలు. బీటకు తడియే కారణమా, మరియొకటియా అని నేడు ఎవరును తేల్చలేరు. పొయ్యి చల్లారినదని చెప్పవలసినవాడను మాత్రము నేనొక్కడనే. ఆయన ఆ తరువాతను నన్ను గుమాస్తాగారూ అనియే పిలిచిరి. ఆయన ఇప్పుడు లేరు. హైడ్రోజను సంగతి నేను పుస్తకములు తెప్పించి చదివినది ఆ తరువాతనే.

ఇక చరిత్రకు వత్తము. కవచపు ఉక్కును యుద్ధమునకు సరిపడు వేగముతో అతుకుట ముందుగ పెద్దయెత్తున సాధించినవారు సోవియటు వారు. కీవు నగరములో వెల్డింగు పరిశోధనాలయము స్థాపించిన యెవ్‌గెనీ పాటన్ వంతెనల ఇంజనీరు. 1941లో జర్మనులు వచ్చిపడగా ఆయన పరిశోధనాలయమును ఉరలు పర్వతముల వద్దనున్న నిజ్నీ తగీలునకు తరలించిరి. అక్కడ టి–34 టాంకుల ఫ్యాక్టరీ ఉన్నది. ఆయనకు అప్పటికి డెబ్బదియేండ్లు దాటినవి. చేతితో అతుకుటకు నేర్పరులైన వెల్డర్లు చాలరు. కావున పిండివంటి మందు పొర క్రింద జ్వాల దాగి మండునట్లును, తీగ తనంతట తాను లోనికి దిగునట్లును యంత్రములు ఏర్పరచిరి. తీగను ఒకే వేగముతో పంపినను జ్వాల తనను తానే సర్దుకొనునని 1942లో ద్యాత్లోవ్ అను ఆయన సహోద్యోగి కనుగొనెను. దానితో యంత్రము మిక్కిలి తేలికయైనది. ఆడువారును, పదునారు పదునేడేండ్ల పిల్లలును ఆ యంత్రములు నడిపి టాంకు పెట్టెలను అతికిరి. మందుపొర గాలిని, తడిని దూరముగ ఉంచును. అతుకు నెమ్మదిగ చల్లారును. మొదట అక్కడను బీటలు పుట్టినవి; కరగు లోహములో పలక కార్బను కలిసిపోకుండ, మెత్తని తీగను ముందుగ సందులో పరచి ఆ బాధ తగ్గించిరి. యుద్ధానంతరము 1953లో కీవులో నీపరు నదిపై పూర్తిగా అతికిన వంతెన తెరవబడినది. దానికి పాటన్ పేరే పెట్టిరి. ఆయన ఆ సంవత్సరముననే కాలము చేసిరి.

అమెరికాలో వేరొక ఉపాయము పన్నిరి. నికెలు, క్రోమియము హెచ్చుగానుండు తుప్పుపట్టని ఉక్కు కడ్డీలతో కవచము అతుకుట. ఆ లోహము చల్లారినను గట్టిపడదు. హైడ్రోజనును తనలోనే పట్టియుంచి ప్రక్కకు ప్రాకనీయదు. ఖరీదు మాత్రము హెచ్చు. ఆ కాలములోనే అమెరికావారు సరకుల ఓడలను సుమారు 2,700 వెల్డింగుతో కట్టిరి. వానిలో కొన్ని చలి సముద్రములలో నిలువునా చీలినవి. 1943 జనవరి 16న స్కెనెక్టడీ అను క్రొత్త నూనెఓడ పోర్ట్‌లాండు రేవులో కదలక నిలిచియుండగనే రెండుగ విరిగినది. అతుకునే అందరును నిందించిరి. కేంబ్రిడ్జిలో కాన్స్టెన్సు టిప్పర్ అను విదుషీమణి పరీక్షించి, తప్పు అతుకుదే కాదు, చలిలో ఆ ఉక్కే పెళుసగుచున్నదని తేల్చిరి. మేకుల ఓడలో బీట ఒక పలకతో ఆగును. అతికిన ఓడ అంతయు ఒక్క పలకయే గనుక బీటకు అడ్డులేదు. అప్పటినుండి ఉక్కు బలముతోపాటు చలిలో దాని సాగుదలను కూడ కొలుచుట ఆచారమైనది.

మన దేశములో 1965లో ఆవడి ఫ్యాక్టరీ నుండి విజయంత టాంకు వెలువడినది. మద్రాసు ప్రక్కన కాపురముండు మన తెలుగు కుటుంబములలో ఆవడిలో పనిచేసినవారు ఎందరో కలరు. వారికి నేను చెప్పవలసినది లేదు. 1963లో రక్షణ లోహ పరిశోధనాలయము హైదరాబాదున ఏర్పడినది. 1973లో మిశ్ర ధాతు నిగమ్ ఏర్పడినది. ఈ రెండును కంచన్‌బాగులో ఇరుగుపొరుగు. అర్జున్ టాంకునకు పెట్టిన కవచమునకు కంచన్ అని పేరు. ఉక్కు పలకల నడుమ పింగాణీవంటి పదార్థపు పలకలను అమర్చినది అది. గట్టిదనమునకు కుండ, సాగుదలకు తోలు అని పైన వ్రాసితిని గదా. ఇప్పుడు నిజముగనే కుండను పెట్టిరి.

నేటి గట్టి కవచపు పలకలలో కొన్నింటికి బ్రినెల్ కొలతలో 480 నుండి 530 వరకు కాఠిన్యము ఉండును. మామూలు ఉక్కునకు 120 ప్రాంతము. వానిని కాచి, నీటిలో ముంచి, మరల కొంచెము కాచి ఆ గుణము తెచ్చుదురు. అతికినప్పుడు ఒకచోట పెళుసగుట ఒక బాధ. దాని ప్రక్కనే మరల కాగిన పట్టీ మెత్తబడుట ఇంకొక బాధ. గుండు ఆ మెత్తని గీత మీద తగిలినచో దూరిపోవచ్చును. కావున ముందుగ పలకను నూరు, నూటయేబది డిగ్రీలకు కాచుకొనవలెను, కాని ఎక్కువ కాచరాదు; జ్వాల వేడిమి తగ్గింపవలెను, కాని మరీ తగ్గింపరాదు. అతుకులను ఎదురుదెబ్బ తగులని మూలలలోనికి త్రిప్పి టాంకులను రూపొందింతురు.

ఓడల సంగతిలో మనవారు పట్టిన త్రోవ నాకు విశేషముగ కనబడినది. పూర్వము మన యుద్ధనౌకల ఉక్కు రష్యా నుండి వచ్చెడిది. స్వదేశములో విమానవాహక నౌక కట్టవలెనని 2005లో కొచ్చిలో పలక కోత ఆరంభించిరి. అక్కడినుండి ఉక్కు రాక ఆలస్యమైనది. హైదరాబాదు పరిశోధనాలయమును, స్టీల్ అథారిటీ వారును కలిసి డి.ఎం.ఆర్. 249 ఏ అను ఉక్కును తయారుచేసిరి. దీనిలో బలము కొరకు కార్బనును నమ్ముకొనలేదు. కార్బనును బాగుగ తగ్గించి, నియోబియము, వెనేడియము వంటివి చిటికెడు కలిపి, పలకను లాగు వేడిమిని జాగ్రత్తగ ఏర్పరచి, లోపలి రేణువులను సన్నము చేసి బలము తెచ్చిరి. చదరపు మిల్లీమీటరునకు సుమారు 390 న్యూటన్ల లాగుడుకు గాని అది వంగదు. నీరు గడ్డకట్టు స్థాయికి 60 డిగ్రీలు క్రింద కూడ దెబ్బకు విరుగకుండ నిలుచును. కార్బను తక్కువ గనుక అతుకు పట్టును. అతుకు కడ్డీలు కూడ ప్రత్యేకముగ తయారుచేయవలసివచ్చినది. రూర్కెలా, బొకారో, భిలాయి కర్మాగారములనుండి సుమారు 30,000 టన్నులు పోయినవి. 262 మీటర్ల పొడవుగల ఆ విక్రాంత్ నౌక 2013 ఆగస్టు 12న నీటిలోనికి దిగి, 2022 సెప్టెంబరు 2న నౌకాదళములో చేరినది. రూర్కెలాలోని ప్రత్యేక పలకల విభాగమునుండి టాంకుల కవచపు పలకలును వెలువడుచున్నవి. అక్కడి మన తెలుగువారి పిల్లలకు ఈ సంగతులు చెప్పిన బాగుండును.

తెలంగాణములో ఉక్కు కొలుముల జాడలను ఎస్. జైకిషన్ గారు ఊరూర తిరిగి సేకరించిరి. 2010లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయపు జిలియన్ జులెఫ్ గారును, బెంగుళూరు పండితులును ఆయనతో కలిసి ఆ గ్రామములన్నియు సర్వే చేసిరి. కోనసముద్రములో పగిలిన మూసల పెంకులు, చిట్టెపు దిబ్బలు ఇప్పటికిని దొరకును. మూస మూతిని మూసినపుడు లోపలి వేడిమిని కొలుచుటకు ఆ కమ్మరులకు ఏ గడియారమును లేదు, రిజిష్టరును లేదు. ఈనాటి కవచపు పలకకు పొయ్యి వేడిమిని యంత్రమే కాగితముపై గీసికొనును; అతుకు చల్లారి 48 గంటలు గడిచిన పిదప గాని పరీక్షింపరాదని నియమము పెట్టుకొనిరి. మా షెడ్డులో ఆ నియమము ఉండిన బీట పరీక్షలోనే పట్టుబడెడిది. నేను వ్రాసిన గళ్లు అప్పుడును అట్లే ఉండెడివి.